కాలి ఎముక నొప్పి – ఎక్స్‌రే చెప్పేదీ, చెప్పనిదీ

(మన సంఘం వార్షికోత్సవ సభలో, ఆర్మీ మెడికల్ కోర్‌లో రేడియోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరైన సుబేదార్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "సాబ్, ఈసారి ఆరోగ్యం మీద మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను డాక్టర్ని కాదండీ. ఇంటర్మీడియట్ పాసై ఫౌజులో చేరి, సర్వీసంతా ఎక్స్‌రే గదిలో గడిపినవాణ్ణి. బీపీ గురించి, షుగర్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా గది తలుపు దగ్గర రోజూ క్యూలో నిలబడిన ఒక నొప్పి గురించి చెప్తాను. పరిగెత్తేవాడికి, మార్చ్ చేసేవాడికి మోకాలి కింద, చీలమండ పైన వచ్చే నొప్పి. రిక్రూటుగా ఉన్నప్పుడు అది రుచి చూడనివాళ్లు ఈ హాల్లో తక్కువమందే ఉంటారు.

నేను చెప్పదల్చుకున్నది ముందే ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మధ్యలో భోజనాలకి లేచిపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎక్స్‌రే నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఎముక నార్మల్‌గా ఉందని అర్థం కాదు. ముఖ్యంగా మొదటి రెండు మూడు వారాల్లో.

ఇది సిపాయిల జబ్బు

ఈ నొప్పి కథ మొదలైందే సిపాయిలతో. 1855లో ప్రష్యా సైన్యంలో బ్రెయిత్‌హాప్ట్ అనే డాక్టరు, దూరాలు మార్చ్ చేసిన జవాన్ల పాదాలు వాచి నొప్పెట్టడం గురించి రాశాడు. దెబ్బ తగల్లేదు, పడలేదు, కానీ పాదం మోపలేరు. కారణం ఏమిటో ఆయనకి తెలీదు, ఎందుకంటే అప్పటికి ఎక్స్‌రేనే లేదు. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రే కనిపెట్టాక, 1897లో స్టెచో అనే మరో జర్మన్ మిలిటరీ డాక్టరు అలాంటి పాదాలకి ఫోటో తీసి చూపించాడు – లోపల ఎముక చిట్లింది అని. అందుకే దీనికి "మార్చ్ ఫ్రాక్చర్" అని పేరు. ఇప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నాం. పాదంలో రావచ్చు, తొడ ఎముకలో రావచ్చు. సైన్యాల్లో ఎక్కువగా కనిపించేది మోకాలి కింద ఎముకలో. బైపీసీ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, తెలుగు పుస్తకంలో దాన్ని అంతర్జంఘిక అనేవారు. ఆస్పత్రిలో టిబియా అంటారు. చేత్తో తడిమితే చర్మం కిందే తగులుతుంది.

1985లో ఇజ్రాయెల్ సైన్యంలో 295 మంది రిక్రూట్లను ట్రైనింగ్ పొడుగునా జాగ్రత్తగా గమనించి చూస్తే, 31 శాతం మందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు బయటపడ్డాయి. వెతికితే దొరుకుతుంది, వెతక్కపోతే "బహానా" అయిపోతుంది. అదండీ సంగతి.

గట్టి ఎముక ఎందుకు చిట్లుతుంది?

మన ఎముక సిమెంటు స్తంభం లాంటిది కాదు. రోజూ కొంచెం కొంచెంగా పాతది తీసేసుకుని కొత్తది వేసుకుంటూ ఉంటుంది. పని పెరిగితే ఈ రిపేరు కూడా పెరుగుతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. రోడ్డు వేసేవాళ్లు ముందు పాత తారు తవ్వేస్తారు, తర్వాత కదా కొత్తది పోస్తారు. ఆ తవ్వేసిన వారం పది రోజులూ లారీలు తిప్పితే రోడ్డు ఏమవుతుంది? గుంటలు పడుతుంది. ఎముకా అంతే. తవ్వడం త్వరగా అవుతుంది, పూడ్చడం నెమ్మదిగా అవుతుంది. ట్రైనింగ్ మొదలైన మూడో వారం, నాలుగో వారం ప్రాంతంలో ఎముక ఆ తవ్విన రోడ్డులా ఉంటుంది. సరిగ్గా అప్పుడే పొద్దున్న పీటీ, తర్వాత డ్రిల్లు, మడమ నేలకేసి కొట్టే కదం తాల్, పైన వీపు మీద పిట్టు వేసుకుని రూట్ మార్చ్. ఇంటి దగ్గర వారానికి రెండు రోజులు పరిగెత్తిన కుర్రాడి ఎముకకి ఇది ఒక్కసారిగా వచ్చిపడిన పని.

నొప్పులన్నీ ఒకటి కావు

ఫోటో తీసేముందు నొప్పిని అడగాలి. మంచి మెడికల్ ఆఫీసర్లు చేసేది అదే. నేను పక్కన నిలబడి చూసి నేర్చుకున్నది చెప్తాను.

ఒకటి – షిన్ స్ప్లింట్స్. టిబియా లోపలివైపు అంచు వెంట, కింది భాగంలో, నాలుగు వేళ్ల మేర గానీ ఇంకా ఎక్కువ గానీ నొప్పి. పరుగు మొదట్లో ఎక్కువగా ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, ఆపాక మళ్లీ సలుపుతుంది. చెయ్యి మొత్తం వేసి "ఇక్కడంతా" అని చూపిస్తాడు. ఎముక మీది పొర, దాని కింది ఎముక ఒత్తిడికి రేగడం ఇది.

రెండు – స్ట్రెస్ ఫ్రాక్చర్. చెయ్యి మొత్తం వెయ్యడు, ఒక్క వేలు పెట్టి "ఇక్కడ" అంటాడు. అక్కడ నొక్కితే ఎగిరిపడతాడు. పరిగెత్తేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ముదిరాక నడకలో కూడా, రాత్రి మంచం మీద కూడా వదలదు. ఒంటి కాలి మీద గెంతమంటే గెంతలేడు.

మూడు – కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. మోకాలి కింద కండరాలు నాలుగు అరల్లో, గట్టి పొరల్లో చుట్టి ఉంటాయి. పరుగులో కండరం ఉబ్బుతుంది, పొర సాగదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఈ నొప్పి గడియారం పెట్టినట్టు వస్తుంది, ప్రతిసారీ అదే దూరానికి. కాలు బిగిసిపోతుంది, పాదం తిమ్మిరెక్కుతుంది. ఆగి కూర్చుంటే కాసేపట్లో పోతుంది. మళ్లీ పరుగు మొదలుపెడితే మళ్లీ అదే.

నాలుగు – రక్తనాళం నొక్కుకుపోవడం. మోకాలి వెనక ధమని కొందరిలో పుట్టుకతోనే కండరం పక్కన ఇరుక్కుని ఉంటుంది. కుర్రవాడే, సిగరెట్టు అలవాటు లేదు, అయినా పరిగెత్తితే పిక్క పట్టేస్తుంది, పాదం చల్లబడుతుంది. అరుదే గానీ ఉంది.

ఏ నొప్పికి ఏ ఫోటో?

ఇప్పుడు నా సబ్జెక్టుకి వస్తాను.

ఎక్స్‌రే: మొదట తీసేది ఇదే, తియ్యాల్సిందీ ఇదే. చవక, ఎక్కడైనా ఉంటుంది, కాలికి తీస్తే రేడియేషన్ చాలా తక్కువ. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తాం. పెద్ద విరుగుడు, గడ్డ, ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉంటే చాలావరకు పట్టిస్తుంది. కానీ స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదట్లో గీత చాలా సన్నం, చాలామందికి ఫిల్ము మీద ఏమీ కనపడదు. రెండు మూడు వారాలు గడిచి, ఎముక మాన్పుకోవడం మొదలుపెట్టి కొత్త పొర వేస్తే, అప్పుడు అంచున పల్చటి తెల్ల గీతలా కనిపిస్తుంది. అంటే ఎక్స్‌రేలో మనం చూసేది చాలాసార్లు దెబ్బని కాదు, దాని రిపేరుని. కొందరిలో అదీ కనపడదు. కాబట్టి నొప్పి తగ్గకపోతే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తియ్యాలి, పాత ఫిల్ము పక్కన పెట్టి చూడాలి. అందుకే పాత ఫిల్ములు, రిపోర్టులు పారేయకండి.

ఒక రకం గీత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టిబియా వెనకవైపు, లోపలివైపు వచ్చే చిట్లు సాధారణంగా విశ్రాంతితో మానుతుంది. ముందువైపు అంచున, ఎముక మధ్యలో అడ్డంగా ఒక నల్ల గీత కనిపిస్తే మాత్రం డాక్టర్లు కూడా భయపడతారు. అడుగు వేసినప్పుడల్లా ఎముక అటువైపు సాగుతుంది, గీత తెరుచుకుంటుంది. నెలల తరబడి మానదు, పూర్తిగా విరగనూ వచ్చు. కొందరికి లోపల రాడ్ వెయ్యాల్సి వస్తుంది. ఇలాంటి కాలుతో ఒక్క రోజు కూడా పరిగెత్తించకూడదు.

బోన్ స్కాన్: టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు నరంలోకి ఎక్కించి, సుమారు మూడు గంటలు ఆగి ఫోటో తీస్తారు. ఎముకలో రిపేరు ఎక్కడ జోరుగా జరుగుతోందో అక్కడ మందు చేరి, నల్ల చుక్కలా కనిపిస్తుంది. నొప్పి మొదలైన రెండు మూడు రోజుల్లోనే చాలావరకు పట్టేస్తుంది. ఆ మందు ఆరు గంటలకి సగం తగ్గిపోతుంది, నీళ్లు బాగా తాగితే త్వరగా బయటికి పోతుంది. దీని లోపం ఏమిటంటే, ఎక్కడ పని జరుగుతోందో చెప్తుంది గానీ అది చిట్లా, ఇన్‌ఫెక్షనా, ఇంకేదన్నానా అనేది ఖచ్చితంగా చెప్పదు.

ఎంఆర్ఐ: ఇవాళ స్ట్రెస్ ఫ్రాక్చర్‌కి అన్నిటికన్నా మంచి పరీక్ష ఇదే. రేడియేషన్ లేదు. ఎముక మీది పొర వాపు, మూలుగలో నెమ్ము, చివరికి గీత – అన్నీ మెట్లు మెట్లుగా చూపిస్తుంది. 1995లో ఫ్రెడరిక్‌సన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దీన్ని నాలుగు గ్రేడ్లుగా విడదీశారు. మొదటి గ్రేడులో పొర వాపు ఒక్కటే, నాలుగో గ్రేడులో గీత స్పష్టంగా ఉంటుంది. గ్రేడు తెలిస్తే ఎన్నాళ్లు ఆగాలో డాక్టరు ఒక అంచనాకి రాగలరు. తేలికపాటిది కొన్ని వారాలు, గీత పడినది నెలలు.

ఎంఆర్ఐ విషయంలో మనవాళ్లకి ఒక హెచ్చరిక. అది పెద్ద అయస్కాంతం. యుద్ధంలోనో ఆపరేషన్‌లోనో స్ప్లింటర్ తగిలి, ముక్క ఒంట్లో ఉండిపోయినవాళ్లు మనలో ఉన్నారు. కంట్లో ఇనుప రజను పడినవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఎముకలో రాడ్ వేయించుకున్నవాళ్లు లోపలికి వెళ్లేముందే టెక్నీషియన్‌కి చెప్పాలి. "ఎప్పుడో పాతికేళ్ల కిందటిది కదా" అని ఊరుకోవద్దు. అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే తీసి చూస్తారు.

అలాగని ఎంఆర్ఐ దేవుడేమీ కాదు. 2004లో అమెరికాలో, ఏ నొప్పీ లేకుండా రోజూ పరిగెత్తే 21 మంది కాలేజీ కుర్రాళ్లకి ఎంఆర్ఐ తీస్తే, 43 శాతం మందికి టిబియాలో ఒత్తిడి గుర్తులు కనిపించాయి. కాబట్టి ఫోటోకి వైద్యం చెయ్యకూడదు, మనిషికి చెయ్యాలి. నొప్పి ఉన్నచోటే ఫోటోలో గుర్తు కూడా ఉంటే అప్పుడది సాక్ష్యం.

ఫోటోలన్నీ ఓడిపోయేచోటు: కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌లో కూర్చున్న మనిషికి ఏ ఫోటో తీసినా మామూలుగానే రావచ్చు, ఎందుకంటే ఆ సమయంలో కాలు మామూలుగానే ఉంది. పరిగెత్తించి, నొప్పి రప్పించి, సూదితో కండరం లోపలి ఒత్తిడి కొలవాలి. సాధారణంగా పరుగు ఆపిన ఒక నిమిషానికి 30, ఐదు నిమిషాలకి 20 మిల్లీమీటర్లు, లేదా ఆపైన ఉంటే దాన్ని ఖాయం చేస్తారు. రక్తనాళం ఇరుకు కూడా అంతే. పాదాన్ని కిందికి నొక్కించి, పైకి లేపించి డాప్లర్ చెయ్యాలి. ఊరికే పడుకోబెట్టి చేస్తే దొరక్కపోవచ్చు.

ఇద్దరు కుర్రాళ్లు

ఒక ట్రైనింగ్ సెంటరు పక్క ఆస్పత్రిలో నేను పనిచేస్తున్నప్పటి మాట. పేర్లు, చోటు చెప్పను. ఒకే కంపెనీ నుంచి ఇద్దరు రిక్రూట్లు వారం తేడాలో వచ్చారు. ఇద్దరికీ ఎడమ కాలు, ఇద్దరికీ నాలుగో వారం, ఇద్దరి ఎక్స్‌రే శుభ్రం. ఒకడు శ్రీకాకుళం వైపు కుర్రాడు. నేను తెలుగువాణ్ణని తెలిసి "అన్నా, నిజంగా నొప్పన్నా, నాటకం కాదన్నా" అన్నాడు. ఆ రోజు ఎంఐ రూములో రద్దీ. రిపోర్టు నార్మల్ అని ఉంది కాబట్టి నొప్పి బిళ్లలు ఇచ్చి, రెండు రోజులు ఎక్సూజ్ పీటీ రాసి పంపేశారు. ఉస్తాద్ చేతికి ఆ నార్మల్ కాగితం వెళ్లింది. ఇంకేముంది, "డాక్టరే ఏమీ లేదన్నాడు" అని పరుగులో పెట్టారు. కుర్రాడు కూడా రెలిగేట్ అయి జూనియర్ బ్యాచ్‌కి పోతానేమో అని పళ్లు బిగించి పరిగెత్తాడు. పద్దెనిమిది రోజుల తర్వాత స్ట్రెచర్ మీద వచ్చాడు. ఈసారి ఫిల్ము చూడ్డానికి చదువు అక్కర్లేదు, ఎముక రెండు ముక్కలైంది.

రెండోవాడు వచ్చినరోజు వేరే మెడికల్ ఆఫీసర్ ఉన్నారు. వయసులో చిన్నమ్మాయి, కెప్టెన్. ఎక్స్‌రే చూసి పక్కన పెట్టి, వేలితో ఎముక వెంట నొక్కుకుంటూ వెళ్లారు. ఒకచోట కుర్రాడు కళ్లు మూసుకున్నాడు. ఒంటి కాలి మీద గెంతమన్నారు, గెంతలేకపోయాడు. "ఫిల్ము నార్మల్, కుర్రాడు నార్మల్ కాదు" అని రాసి, పెద్దాస్పత్రికి బోన్ స్కాన్‌కి పంపారు. చుక్క సరిగ్గా ఆమె వేలు పెట్టినచోటే వచ్చింది. ఎనిమిది వారాలు ఆపారు, తర్వాత మెల్లగా నడక, పరుగు. ఆ కుర్రాడు ఒక బ్యాచ్ వెనకబడ్డా పాసింగ్ అవుట్ పరేడ్ చేశాడు. మొదటివాడు మెడికల్ బోర్డు మీద ఇంటికెళ్లిపోయాడు. ఇద్దరి తండ్రులూ రైతులే. ఇద్దరి మొదటి ఎక్స్‌రేలూ తీసింది నేనే, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తేడా వచ్చింది ఫిల్ములో కాదండీ, ఆ తర్వాత అడిగిన ప్రశ్నలో.

పెద్దవాళ్ల సంగతి

యాభై దాటిన మనకి పిక్క నొప్పి అంటే కథ వేరు. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే పోతుంటే, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందేమో చూడాలి. బీడీ, సిగరెట్టు తాగినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. చీలమండ దగ్గర బీపీ, చేతి దగ్గర బీపీ కొలిచి పోలుస్తారు. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే అనుమానించాలి, తర్వాత డాప్లర్. నిలబడితే తగ్గక, ముందుకి వంగినా కూర్చున్నా తగ్గుతుంటే నడుములో నరం నొక్కుకుంటోందేమో చూడాలి. అప్పుడు ఫోటో తియ్యాల్సింది కాలికి కాదు, వెన్నుకి.

దూరప్రయాణం తర్వాత ఒక్క కాలే వాచి, పిక్క నొప్పెడితే నూనె మర్దన చెయ్యకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు వెళ్లి డాప్లర్ చేయించుకోవాలి. 2003 నుంచి మనకి ఈసీహెచ్ఎస్ ఉంది, పాలీక్లినిక్‌లో రిఫరల్ అడగండి. మొహమాటపడకండి. ఆయాసం, గుండెలో నొప్పి కూడా ఉంటే రిఫరల్ కోసం ఆగకుండా సూటిగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

చివరగా చేతికి ఇచ్చే మాటలు

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి: ఎక్కడ నొప్పి, వేలితోనా చేత్తోనా చూపించేది, ఎంత దూరానికి వస్తుంది, ఆగితే ఎంతసేపటికి పోతుంది, రాత్రి ఉంటుందా – ఈ ఐదు సంగతులు డాక్టరుకి మీరే చెప్పండి. నొప్పి బిళ్ల మింగి టెస్టు పరిగెత్తకండి. బిళ్ల నొప్పిని మూస్తుంది, చిట్లుని కాదు.

ఉస్తాదులకి: కుంటుతున్నవాడిలో దొంగ ఎవడో, నిజం ఎవడో కంటితో తేల్చడం కష్టం. దొంగని ఒకణ్ణి పట్టుకోబోయి నిజమైనవాడి ఎముక విరిస్తే, పోయేది మన దళంలో ఒక సిపాయి.

దీర్ఘ మార్చ్ తర్వాత ఎవరికైనా కాలు కర్రలా బిగిసి, విశ్రాంతి తీసుకున్నా నొప్పి పెరుగుతూ, వేళ్లు కదిపితే ప్రాణం పోయినట్టుంటే ఏ స్కాన్ కోసమూ ఆగకండి. గంటల్లో ఆపరేషన్ పడకపోతే కండరం చచ్చిపోతుంది. వెంటనే ఆస్పత్రికి చేర్చండి.

తల్లిదండ్రులకి: 2022లో అగ్నిపథ్ వచ్చాక మన జిల్లాల్లో పిల్లలు తెల్లవారుజామున తారురోడ్ల మీద 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ర్యాలీ తేదీ వచ్చాక నెలలో మొత్తం సాధించాలనుకుంటే ఎముక ఊరుకోదు. మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టి, మెల్లగా పెంచమనండి. మట్టి నేల దొరికితే మట్టి నేల మీద, మంచి బూట్లతో. పాలు, గుడ్లు, రాగులు తినమనండి. కాలు నొప్పంటే పుత్తూరు కట్టుకో, మరో కట్టుకో వెళ్లేముందు ఒక్కసారి డాక్టరుకి చూపించండి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా నొప్పి ఉంటే మళ్లీ వెళ్లండి.

తెలుగు నేలకి ఇంత దూరంలో మనం ఏడాదికోసారి ఒకచోట చేరేది ఒకరి మంచి చెడ్డ ఒకరం చూసుకోవడానికే. పక్కన నడిచేవాడు కుంటుతుంటే ఎందుకని అడగడం కూడా అందులో భాగమే.

జై హింద్.